జొన్నరొట్టె చేసిన నేరమేమిటి?

పిల్లలూ! పటం ముందు వేసుకుని కృష్ణ, తుంగభద్ర నదులు కలిసే చోటు ఎక్కడుందో వెతకండి. ఆ దగ్గరలోనే ఆలంపూర్ కనిపిస్తుంది. 2016 వరకు ఇది మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. ఇప్పుడు జోగులాంబ గద్వాల జిల్లాలో ఉన్నది. రెండు నదుల నడుమనున్న ఈ నేలను నడిగడ్డ అంటారు. జోగులాంబ గుడినీ, చాళుక్యుల కాలపు నవబ్రహ్మ ఆలయాలనూ చూడటానికి ఎందరో ఇక్కడికి వస్తారు. మనం మాత్రం ఈసారి గుళ్లు దాటి ఒక ఇంటి పొయ్యి దగ్గరకు వెళదాం.

పొయ్యి మీద పెనం, పెనం మీద జొన్నరొట్టె. జొన్నపిండికి గోధుమపిండికి ఉన్నంత సాగే గుణం లేదు. అందుకే మరిగే నీళ్లు పోసి పిసికి, అరచేత్తో తట్టి రొట్టె చేస్తారు. చూడటానికి తేలికే. నేను తట్టిన రొట్టె మాత్రం పెనం దాకా కూడా పోలేదు, మధ్యలోనే ముక్కలైంది!

ఈ రొట్టె మీద ఒకప్పుడు ఒక నేరం మోపారు. "జొన్నలే తిని బ్రతికేవారికి పెల్లాగ్రా అనే జబ్బు వస్తున్నది" అన్నారు. ఈనాడు డాక్టర్లు చక్కెరవ్యాధి ఉన్నవారిని జొన్నరొట్టె తినమంటున్నారు. ఈ రెండు మాటలకూ పొత్తు ఎలా కుదురుతుంది?

ముందుగా పెల్లాగ్రా అంటే ఏమిటో చూద్దాం. ఎండ తగిలే చోట్ల, అంటే చేతుల మీద, పాదాల మీద, మెడ చుట్టూ, చర్మం నల్లబడి గరుకై పొలుసులుగా ఊడుతుంది. నాలుక ఎర్రగా పుండై కారం తగిలితే భగ్గుమంటుంది. విరేచనాలు పట్టుకుంటాయి. జబ్బు ముదిరితే మతి చెదురుతుంది. వైద్యం అందకపోతే ప్రాణమే పోతుంది. 1735లో స్పెయిన్ దేశపు వైద్యుడు గాస్పర్ కసాల్ దీనిని వర్ణించాడు. ఇటలీ భాషలో పెల్లాగ్రా అంటే గరుకు చర్మం అని అర్థం.

చాలాకాలం దీన్ని అంటువ్యాధి అనుకున్నారు. అమెరికాలో జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే వైద్యుడు 1914లో ఒక సంగతి గమనించాడు. పిచ్చాసుపత్రులలో, అనాథశాలలలో ఉన్నవారికి జబ్బు వస్తున్నది కాని, రాత్రింబగళ్లు వారితోనే ఉండే నర్సులకు రావటంలేదు. అంటుకునే జబ్బయితే మనిషిని చూసి అంటుకుంటుందా? 1916లో ఆయన, తోటి వైద్యులు రోగుల చర్మపు పొలుసులను, మలమూత్రాలను పిండిలో కలిపి ఉండలు చేసి మింగారు! ఒక్కరికీ పెల్లాగ్రా రాలేదు. లోపమంతా తిండిలోనే ఉన్నదని తేలింది. ఆ లోపం ఏమిటో 1937లో కాన్రాడ్ ఎల్వేజెమ్ కనిపెట్టాడు. అది బి విటమిన్లలో ఒకటైన నికోటినిక్ ఆమ్లం. సిగరెట్టులోని నికోటిన్‌తో పేరు కలిసినా, ఇది విషం కాదు.

మరి ఒక విటమిన్ తగ్గితే చర్మమూ, పేగులూ ముందుగా దెబ్బతినటం ఎందుకు? తిన్న తిండి నుంచి శక్తిని బయటకు తీయటానికి ఒంటిలోని ప్రతి కణానికీ ఈ విటమిన్ కావాలి. పాత కణాలు రాలి కొత్తవి త్వరత్వరగా పుట్టే చోట అవసరం మరీ ఎక్కువ. మన చిన్నపేగు లోపలిపొర నాలుగైదు రోజులకొకసారి దాదాపు కొత్తదవుతుంది. ఆ పొర మీద వేళ్లవంటి సన్నని ఆంత్రచూషకాలు ఉంటాయి. ఆహారసారాన్ని పీల్చి రక్తానికి అందించేవి అవే. విటమిన్ చాలకపోతే ఈ పొర పలచబడుతుంది, విరేచనాలు మొదలవుతాయి, ఉన్న కాస్త పోషకమూ ఒంటికి పట్టదు. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టన్నమాట. నికోటినిక్ ఆమ్లం ఇస్తే మాత్రం నోటిపూత, విరేచనాలు కొద్దిరోజులలోనే తగ్గుముఖం పడతాయి.

ఇక్కడొక చిక్కు ఉన్నది. పాలలో నికోటినిక్ ఆమ్లం బహు తక్కువ. అయినా పాలు తాగేవారికి పెల్లాగ్రా రాదు! పాలలోని మాంసకృత్తులలో ట్రిప్టోఫాన్ అనే ఎమైనో ఆమ్లం ఉంటుంది. మన శరీరం సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ నుంచి 1 మిల్లీగ్రాము విటమిన్ తయారు చేసుకోగలదు. మొక్కజొన్నలో ట్రిప్టోఫాన్ తక్కువ. అందులోని విటమిన్ కూడా వేరే పదార్థాలతో ముడిపడి ఉండి పేగులకు అందదు. మెక్సికో ప్రజలు మొక్కజొన్నను సున్నపునీటిలో ఉడికించి ఆ ముడి విప్పుతారు. వారికి పెల్లాగ్రా బాధ అంతగా లేకపోవటానికి ఇదొక కారణం.

కాని మన జొన్న సంగతి వేరు. విటమిన్‌లోగాని, ట్రిప్టోఫాన్‌లోగాని అది బియ్యానికి తీసిపోదు. అయినా అన్నం తినే పేదవానికి రాని జబ్బు దక్కను మెట్టనేలలలో జొన్న తినే పేదకూలీకి ఎందుకు వస్తున్నది? హైదరాబాదు తార్నాకలోని సంస్థలో డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్. జి. శ్రీకాంతియా ఈ ప్రశ్న పట్టుకున్నారు. నేటి జాతీయ పోషకాహార సంస్థ అదే. జొన్నలో లూసిన్ అనే మరో ఎమైనో ఆమ్లం మోతాదుకు మించి ఉన్నదనీ, అది ట్రిప్టోఫాన్ విటమిన్‌గా మారే పనికి అడ్డు తగులుతున్నదనీ 1960లో వారు సూచించారు. ఆ తరువాత కుక్కపిల్లల తిండిలో లూసిన్ కలిపి, పెల్లాగ్రాకు సాటియైన నల్లనాలుక జబ్బు తెప్పించి చూపారు. మరికొందరు శాస్త్రజ్ఞుల పరిశోధనలలో ఈ ఫలితం రాలేదు. కనుక లూసిన్ ఒక్కటే దోషి అని ఈనాటికీ తీర్పు చెప్పలేము.

ఒక్కటి మాత్రం స్పష్టం. మూడు పూటలా రొట్టె, దాని మీద ఇంత పచ్చికారం తప్ప మరేమీ దొరకని ఇంట్లోనే పెల్లాగ్రా కనిపించేది. ఆ పక్కనే పప్పు, పల్లీల చట్నీ, గిన్నెడు మజ్జిగ ఉన్న ఇంట్లో అదే జొన్న ఎవరినీ ఏమీ చేయలేదు. వంద గ్రాముల పల్లీలలో దాదాపు 25 గ్రాముల మాంసకృత్తులుంటాయి, నికోటినిక్ ఆమ్లమూ దండిగా ఉంటుంది. నన్నడిగితే, జొన్న మీద మోపిన నేరంలో పెద్ద వాటా పేదరికానిదే.

1983లో ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. మెట్టపల్లెల్లో కూడా అన్నం పెరిగి, రొట్టె తగ్గింది. పెల్లాగ్రా అరుదైపోయింది. అయితే రొట్టెతోపాటు మరొకటి కూడా పళ్లెం నుంచి జారిపోయింది. అది పీచు. వంద గ్రాముల జొన్నలలో సుమారు 10 గ్రాముల పీచు ఉంటే, మరపట్టిన తెల్లబియ్యంలో 3 గ్రాములు కూడా ఉండదు.

పీచును మనం అరిగించుకోలేం. కాని పెద్దపేగులో కోట్లాది సూక్ష్మజీవులు కాపురముంటాయి. పైనుంచి వచ్చే పీచే వాటికి భోజనం. అవి దాన్ని పులియబెట్టి బ్యుటిరిక్ ఆమ్లం వంటివి తయారుచేస్తాయి. పెద్దపేగు గోడలోని కణాలకు అదే ముఖ్యమైన ఆహారం. ఆఫ్రికాలో పనిచేసిన శస్త్రవైద్యుడు డెనిస్ బర్కిట్, పీచు బాగా తినే పల్లెవాసులకు పెద్దపేగు క్యాన్సరు చాలా అరుదని 1970ల ప్రాంతంలో ఎత్తిచూపాడు. తరువాతి పరిశోధనలు కూడా ఆ వైపే మొగ్గాయి. పీచున్న తిండి మెల్లగా అరుగుతుంది కనుక రక్తంలో చక్కెర ఒక్కసారిగా పైకెగరదు. డాక్టర్లు రొట్టె తినమనేది ఇందుకే.

అలాగని రేపటినుంచే పందెం వేసి తినకండి! ఎక్కువ పీచుకు పేగులలోని సూక్ష్మజీవులు అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది. ఎన్నడూ రొట్టె ఎరుగని పట్నపు పిల్లవాడు దసరా సెలవులకు ఆలంపూర్‌లోని అమ్మమ్మ ఇంటికి వెళ్లి, రుచిగా ఉందని నాలుగు రొట్టెలు లాగించాడనుకోండి, ఆ రాత్రంతా వాడి పెద్దపేగులో జరిగే పులియబెట్టే పని గుడగుడమని పక్కవారికి కూడా వినిపిస్తుంది.