నొప్పి, నొప్పులు: నెలలు నిండే వేళ ఆసుపత్రికి ఎప్పుడు బయలుదేరాలి

నిండు చూలాలు ఉన్న ఇంట ఏకవచనానికీ బహువచనానికీ ఎంతో వ్యత్యాసం ఉంది. "నొప్పి" అంటే ఒంటిలో ఎక్కడైనా కలిగే బాధ. "నొప్పులు" అంటే కాన్పు ఆరంభమైందని అర్థం. ఈ పుస్తకపు కన్నడ ప్రతిలో రెండింటికీ "నోవు" అన్న పదమే ఉంది. కాన్పు సంగతి చెప్పవలసినచోట "హెరిగె నోవు" అని విశేషించి చెప్పారు. తెలుగు చేసేటప్పుడు ప్రతి వాక్యం దగ్గరా ఇది నొప్పియా, నొప్పులా అని ఆగి ఆలోచించవలసి వచ్చింది. మన ఇళ్లలోనూ సరిగా ఆగవలసినది అక్కడే. ఎనిమిదో నెలలోనో తొమ్మిదో నెలలోనో గర్భిణి కడుపు నొప్పి అనగానే పెద్దలు అడిగే ప్రశ్న ఒకటే: నొప్పులా, దొంగ నొప్పులా? మూడో సమాధానం ఒకటి ఉండవచ్చునన్న ఆలోచన రాదు. ఈ పాఠం ప్రధానంగా ఆ మూడో సమాధానాన్ని గురించినది.

మొదటి రెండింటిని ముందుగా చూద్దాం. గర్భాశయం ఒక కండరం. నెలలు నిండేకొద్దీ అది అప్పుడప్పుడు బిగిసి సడలుతుంది. 1872లో ఆంగ్ల వైద్యుడు జాన్ బ్రాక్స్‌టన్ హిక్స్ దీనిని వర్ణించినందున వైద్యులు ఆయన పేరుతో వ్యవహరిస్తారు. మనం దొంగ నొప్పులు అంటాము. పేరు కొంత అన్యాయమైనదే, ఎందుకంటే ఆ బాధ నిజమైనదే. అవి క్రమం తప్పి వస్తాయి. పక్కకు తిరిగి పడుకున్నా, లేచి నాలుగడుగులు వేసినా, నీరు త్రాగినా తగ్గుతాయి. బళ్ళారి ఎండలలో ఒంటిలో నీరు తగ్గినప్పుడు ఇవి ఎక్కువ కావచ్చు. నిజమైన కాన్పు నొప్పులు అలా తగ్గవు. తరచుగా నడుములో పుట్టి ముందుకు వస్తాయి; వచ్చేకొద్దీ దగ్గరవుతాయి, బలపడతాయి, ఎక్కువసేపు నిలుస్తాయి. అయితే రెండు నొప్పుల నడుమ కడుపు మెత్తబడుతుంది, స్త్రీకి ఊపిరి పీల్చుకునే విరామం దొరుకుతుంది. ఈ విరామాన్ని గుర్తుంచుకోవాలి. తరువాత చెప్పబోయేదంతా దీనిపైనే ఆధారపడి ఉంది.

ఒక నొప్పి మొదలైన క్షణం నుండి తరువాతి నొప్పి మొదలయ్యే క్షణం వరకు గడియారం చూసి కాగితం మీద వ్రాయాలి. తొలి కాన్పు అయితే, ఆసుపత్రికి దగ్గరలో నివసించే వారు, ఐదు నిమిషాలకు ఒకటి చొప్పున, ఒక్కొక్కటి దాదాపు నిమిషంపాటు, గంటసేపు వస్తే బయలుదేరవచ్చునని సాధారణంగా చెబుతారు. కౌల్ బజారులో ఉన్నవారికి ఈ లెక్క సరిపోతుంది. సండూరు కొండల ఊళ్ల నుండో, సిరుగుప్ప తాలూకా పల్లెల నుండో రావలసినవారు అంతవరకు వేచి ఉండరాదు. రెండో కాన్పు, మూడో కాన్పు వేగంగా జరుగుతాయి కనుక వారు మరింత ముందుగా కదలాలి. మునుపు సిజేరియన్ అయినవారు నిమిషాలు లెక్కించనే కూడదు. నొప్పులు మొదలయ్యాయన్న అనుమానం చాలు. వారి గర్భాశయం మీద పాత కుట్టు ఉంటుంది, ఆ చోట విడువని నొప్పి ప్రమాద సూచన.

37 వారాలు నిండకముందే నొప్పులు క్రమంగా వస్తే, అవి దొంగవా నిజమైనవా అని ఇంట్లో తేల్చుకునే ప్రయత్నం వద్దు. 24 నుండి 34 వారాల మధ్య కాన్పు అయ్యే సూచన ఉన్నప్పుడు బిడ్డ ఊపిరితిత్తులు బలపడేందుకు తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షను ఇస్తారు. అది పనిచేయడానికి గంటల వ్యవధి కావాలి. "తెల్లవారనీ, చూద్దాం" అన్న మాటతో పోయేది ఆ గంటలే.

ఇక మూడో సమాధానం. కడుపు నొప్పి వచ్చి పోవడం లేదు, విరామం లేదు, పొత్తికడుపు రాయిలా గట్టిపడి తాకితే ఓర్వలేనట్లుంది. ఇది కాన్పు నొప్పి కాకపోవచ్చు. మాయ సమయానికి ముందే గర్భాశయపు గోడ నుండి ఊడిపోయినప్పుడు ఇలా ఉంటుంది. రక్తస్రావం కనిపిస్తే ఎవరైనా భయపడి బయలుదేరుతారు. కాని కొన్నిసార్లు రక్తం మాయ వెనుకనే నిలిచిపోయి బయటికి ఒక్క చుక్కయినా రాదు. "రక్తం పోలేదు కదా" అన్న ధైర్యం అందువల్ల నమ్మదగినది కాదు. అప్పుడు బిడ్డకు ప్రాణవాయువు తగ్గుతుంది, తల్లి లోలోపల రక్తం కోల్పోతుంది. దీనికి కావలసినవి రక్తమూ శస్త్రచికిత్సా. ఆ రెండూ లేని చిన్న కేంద్రంలో సమయం గడపక, అవి ఉన్న ఆసుపత్రికే చేరాలి.

మరొకటి ఇంతకంటే మోసకారి. కుడివైపు పక్కటెముకల క్రింద, లేదా గుండె క్రింది గుంటలో నొప్పి, దానితో వాంతి. ఇంట్లో అందరూ గ్యాస్ అంటారు. సోడా త్రాగిస్తారు, వాము నమిలిస్తారు. గర్భిణికి ఆమ్లపిత్తం సాధారణమే కాబట్టి చాలాసార్లు వారి మాట నిజమూ అవుతుంది. అయితే రక్తపోటు పెరిగి కాలేయం దెబ్బతింటున్నప్పుడు కూడా నొప్పి సరిగ్గా అక్కడే వస్తుంది. తలనొప్పి తగ్గకపోవడం, చూపు మసకబారడం, కళ్లముందు మెరుపులు, ముఖమూ చేతులూ ఉబ్బడం వంటివి దానికి తోడైతే ఆలస్యం చేయరాదు. గర్భం 20 వారాలు దాటిన తరువాత రక్తపోటు 140/90 గాని అంతకు మించి గాని ఉంటే వైద్యుల పర్యవేక్షణ అవసరం. అది ముదిరితే పాతతరం వారు గుర్రపువాతం అన్న మూర్ఛలు వస్తాయి. వాటిని నివారించే మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షను ఆసుపత్రిలోనే ఇవ్వదగినది. ఇంటికి దగ్గరలో రక్తపోటు చూపించుకోవడానికి పట్టేది పది నిమిషాలు. గ్యాసా కాదా అన్న వాదన దానితో ముగుస్తుంది.

చలి జ్వరంతో నడుముకు ఒక పక్క నొప్పి, మూత్రంలో మంట ఉంటే మూత్రపిండాలకు సోకిన అంటు కావచ్చు. అదే నెలలు నిండకముందు నొప్పులను తెప్పించగలదు. ఒక కాలి పిక్కే వాచి నొప్పి పెడితే రక్తం గడ్డకట్టిందేమో పరీక్షించాలి. నొప్పి లేకుండానే బయలుదేరవలసిన సందర్భాలూ ఉన్నాయి: ఉమ్మనీరు పోవడం, అందులోనూ అది ఆకుపచ్చగా ఉండడం, నొప్పి లేని రక్తస్రావం, బిడ్డ కదలికలు తగ్గడం. కదలిక తగ్గితే మరునాటి వరకు ఆగరాదు.

ఈలోగా చేయకూడనివి రెండు. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు చివరి నెలల్లో బిడ్డ గుండెకూ మూత్రపిండాలకూ హాని చేయగలవు. నొప్పులు త్వరపడాలని ఇంటి వద్దనే ఎవరిచేతనైనా ఇంజెక్షను వేయించుకోవడం మరింత ప్రమాదకరం. ఆ మందు మోతాదు మించితే గర్భాశయం చిట్లిపోవచ్చు.

ఆసుపత్రికి వెళ్లడానికే భయపడేవారు మన నగరంలో ఉన్నారు. 2024 నవంబరులో బళ్ళారి జిల్లా ఆసుపత్రిలో సిజేరియన్ల తరువాత బాలింతలు మరణించారు. సిరలోకి ఎక్కించిన రింగర్ లాక్టేట్ ద్రావణం నాణ్యతపై అనుమానం కలిగి, ఆ తయారీదారు సరఫరా చేసిన ద్రావణం వాడకాన్ని రాష్ట్ర ప్రభుత్వం నిలిపివేసింది. ఆ కుటుంబాల దుఃఖం తెలిసినవారికి భయపడవద్దని చెప్పడం సులభం కాదు. అయినా మాయ ఊడిపోవడానికీ మూర్ఛలకూ ఇంట్లో వైద్యం లేదు. భయం ఉన్నవారు తోడు వచ్చిన మనిషిని పక్కనే ఉంచుకొని, ఏ మందు ఎందుకు ఇస్తున్నారని అడగవచ్చు, కాగితాలన్నీ భద్రపరచవచ్చు. అడగడం తప్పు కాదు.

తల్లులు మరణించడానికి దారితీసే ఆలస్యాలను సెరీన్ థాడియస్, డెబోరా మెయిన్ అనే పరిశోధకులు 1994లో మూడుగా విభజించారు: నిర్ణయించుకోవడంలో, చేరుకోవడంలో, చేరాక చికిత్స అందడంలో. మొదటిది పూర్తిగా ఇంటిలోనిది. భర్త సండూరు గనిలోనో జీన్స్ కుట్టే షెడ్డులోనో పనిలో ఉంటాడు; ఆయన వచ్చాక వెళదామంటారు. డబ్బు చేతికి వచ్చాక అంటారు. 2011 జూన్ 1న ఆరంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమం క్రింద ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం, భోజనం, రాకపోకల వాహనం అన్నీ ఉచితం. ఎవరి అనుమతి కోసమూ ఆగకుండా గర్భిణి స్వయంగా 108కు ఫోను చేయవచ్చు.

మన జిల్లాకు మరొక చిక్కు ఉంది. 1953 అక్టోబరు 1న బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో కలిశాయి. సంబంధాలు మాత్రం ఆ గీతకు లోబడలేదు. ఆలూరు ఆడపడుచు బళ్ళారి కోడలవుతుంది, తొలి కాన్పుకు పుట్టింటికి వెళుతుంది. ఇక్కడి తాయి కార్డు ఇక్కడే బీరువాలో ఉండిపోతుంది. పుట్టింటికి పంపే రోజున చీరసారెల కంటే ముందు ఆ కార్డు సంచిలో పడాలి. అందులోని రాత కన్నడమైనా రక్తపు గ్రూపు, హిమోగ్లోబిన్, రక్తపోటు అంకెలు ఏ రాష్ట్రపు డాక్టరుకైనా అర్థమవుతాయి. 108 సేవ రెండు వైపులా ఉంది. సరిహద్దు గ్రామాల వారు ఫోనులో ముందుగా రాష్ట్రం, జిల్లా, తాలూకా లేదా మండలం, ఆ తరువాతే ఊరి పేరు చెప్పాలి.

సరిహద్దు దాటి వచ్చిన తెలుగు కోడలికి ప్రసూతి వార్డులో కన్నడం తడబడవచ్చు. నొప్పి విడవడం లేదనడానికి "నోవు బిడుత్తిల్ల" అనాలి. బిడ్డ కదలడం లేదనడానికి "మగు అలుగాడుత్తిల్ల". రక్తం పోతోందనడానికి "రక్త హోగ్తా ఇదె". ఈ మూడింటిలో ఏది నిజమైనా వరుసలో కూర్చోక, ఎదుట కనిపించిన మొదటి నర్సుకు చెప్పాలి.