పాఠం ఎక్కడ, పిల్లలెక్కడ

చిరంజీవి అమ్మాయికి,

డీఎస్సీలో నెగ్గి ఎస్జీటీగా చేరిన బడిలో తొలి ఎఫ్ఏ మార్కులు చూసి బెంబేలెత్తినట్టున్నావు. తప్పు ఇంటిదా, బడిదా, నాదా అని అడిగావు. మూడింటికీ వాటా ఉంది. అయితే నీ చేతిలో ఉన్న కారణం ఒకటుంది, దాని గురించే రాస్తాను. పిల్లలు నిజంగా ఉన్న చోటుకూ, మనం చెప్పే పాఠానికీ మధ్య ఉన్న ఎడం. ప్రాథమిక బడిలో మార్కుల్ని ఎక్కువగా మింగేది అదేనని నా అభిప్రాయం.

2005 నుంచి అసర్ సర్వేవాళ్లు పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లలచేత చదివించి చూస్తున్నారు. 2024లో దేశం మొత్తం మీద ప్రభుత్వ బళ్లలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతం. మిగతావాళ్లు చేతిలో ఉన్న వాచకం చదవలేకుండానే పరీక్షకు కూర్చుంటున్నారన్నమాట. లెక్కల పేపరు కూడా వాళ్లకు చదువు పరీక్షే. గుణింతాలూ ఒత్తులూ కూడబలుక్కుని ప్రశ్న చివరికి చేరేసరికి మొదట్లో ఏముందో మరిచిపోతారు. ఇక 52లోంచి 37 తీసేయమంటే 25 అని వేసే పిల్లవాణ్ని చూడు. ఏడులోంచి రెండు, అయిదులోంచి మూడు తీశాడు. వాడికి తీసివేత వచ్చు, పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం రాదు. మనం ఇంటూ గుర్తు పెట్టి సున్నా వేస్తాం. ఆ సున్నాలో వాడి తెలివీ కనబడదు, లోటూ కనబడదు. ఆ పునాది మీదే మర్నాడు భాగహారం మొదలుపెడతాం.

పేదరికం సంగతేమిటంటావు. నిజమే, కూలికెళ్లే తల్లి రాత్రి కూర్చోబెట్టి చదివించలేదు, పనుల రోజుల్లో హాజరు పడిపోతుంది. కానీ డబ్బు ఒక్కటే దారి కాదనడానికి మన రాష్ట్రంలోనే సాక్ష్యం ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బళ్లలో కార్తీక్ మురళీధరన్, వెంకటేష్ సుందరరామన్ 2005లో మొదలుపెట్టిన ప్రయోగాల్లో కొన్ని బళ్లకు పుస్తకాలకూ సామగ్రికీ అదనపు నిధులిచ్చారు. ఊహించని మొదటి ఏడు మార్కులు పెరిగాయి. నిధులొస్తాయని ముందే తెలిసిన రెండో ఏడు తల్లిదండ్రులు తమ ఖర్చు తగ్గించుకున్నారు, దాంతో లాభం దాదాపు లేకుండా పోయింది. పిల్లల ప్రగతిని బట్టి ఉపాధ్యాయులకు బోనస్ ఇచ్చిన బళ్లలో మాత్రం రెండేళ్లకు లెక్కల్లోనూ భాషలోనూ ఎదుగుదల కనిపించింది. గమనించాల్సిందేమిటంటే, ఆ బళ్లలో పంతుళ్ల గైర్హాజరు తగ్గలేదు. అదనపు తరగతులు పెట్టామనీ, వెనకబడినవాళ్లను ప్రత్యేకంగా చూశామనీ వాళ్లు చెప్పారు. నీకు బోనస్ రాకపోవచ్చు. చేయాల్సిన పని మాత్రం అదే.

ఎంఈవో గారు సిలబస్ ఎంత అయిందనే అడుగుతారు, వెనక్కి వెళ్లే తీరికేదీ అంటావేమో. ఇది ఉత్త సాకు కాదు. బిహార్‌లో ప్రభుత్వ ఉపాధ్యాయులే వేసవి శిబిరాల్లో పిల్లల స్థాయికి దిగి చెబితే చదువు మెరుగుపడింది. బడి నడిచే రోజుల్లో అదే శిక్షణ, అదే సామగ్రి ఇస్తే ఏమీ కదల్లేదు, సిలబస్సే గెలిచింది. హర్యానాలో 2012-13లో రోజుకో గంట విడిగా కేటాయించి, తరగతిని బట్టి కాక స్థాయిని బట్టి కూర్చోబెట్టాక హిందీ చదువు మెరుగైంది. కాబట్టి వేళాపట్టికలో ఆ గంటను ముందు రాయించుకో. హెడ్మాస్టరు సంతకంతో ఉంటే మరీ మంచిది. కాదనడానికి పైవాళ్లకూ వీల్లేదు. మూడో తరగతి ముగిసేలోగా చదవడం, రాయడం, లెక్క రావాలన్నది 2021 నాటి నిపుణ్ భారత్ లక్ష్యమే. తెలంగాణ 2022లో తొలిమెట్టు పెట్టింది కూడా ఇందుకే.

రెండు మూడు తరగతులు ఒక్కరే చూసుకునే బడిలో ఇది కుదరదనే మాట నేనొప్పుకోను. విద్యాహక్కు చట్టం ముప్పైమందికి ఒకరన్నా, అక్షరాలు రానివాళ్లూ వాక్యం చదివేవాళ్లూ ఎటూ ఒకే గదిలో ఉంటారు. తరగతుల గోడలు లేని చోట గుంపులు కట్టడమే తేలిక. ఉన్న చిక్కల్లా నాలుగో తరగతి పిల్లవాణ్ని రెండోవాళ్ల పక్కన కూర్చోబెడితే వాడికి నామోషీ. అందుకే గుంపులకు పువ్వుల పేర్లో పిట్టల పేర్లో పెట్టు, పైకొచ్చినవాణ్ని పై గుంపులోకి వెంటనే మార్చు.

ఇంకొకటి. మార్కులు కాస్త పెంచి పంపమని ఎవరైనా చెప్పవచ్చు. మధ్యప్రదేశ్‌లో అధికారిక పరీక్షల్లో పిల్లలు తెచ్చుకున్నవి, వాళ్లనే విడిగా పరీక్షించినప్పుడు వచ్చినవాటి కంటే బాగా ఎక్కువని తేలింది. పెంచిన మార్కుతో పిల్లవాడికి ఒరిగేది లేదు. వాడు ఎక్కడున్నాడో తెలుసుకునే ఒక్క ఆధారమూ నీకు పోతుంది.

ఈ వారం ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు వాక్యాలు చదివించు, రెండు తీసివేతలు చేయించు, ఎవరు ఎక్కడ ఆగారో నోటుబుక్కులో రాసుకో. ఎస్ఏ-1 దాకా ఆ గంట వదలకు. అప్పటికీ గొర్రెతోక బెత్తెడే అయితే, మార్కుల పట్టిక కాదు, జవాబు పత్రాలు పంపు. చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
పెదనాన్న