దూరవైద్యమును హస్తవాసియు

ఒక వైద్యుని మెచ్చుకొనునపుడు మన పెద్దలు "ఆయన హస్తవాసి మంచిది" అందురు. ఆయన చదువును గాక, ఇచ్చిన మందును గాక, చేతినే మెచ్చుకొందురు. ఇట్టి నమ్మకము గల ప్రజలకు, చేయి తగులక, ఫోను తెరపై ముఖము మాత్రమే కానవచ్చు వైద్యుడు ఎట్లు తోచును? విద్యార్థులు ఈ ప్రశ్నను విచారింపవలెను. ఏలయన నేడు అనేక గృహములలో ముసలివారి కొరకు ఆ ఫోను పట్టుకొని కూర్చుండువారు మీరే.

1. చరిత్ర

దూరమునుండి వైద్యము చేయుట నిన్నటి మాట కాదు. 1928వ సంవత్సరమున ఆస్ట్రేలియాలోని క్లాంకర్రీ పట్టణమున జాన్ ఫ్లిన్ అను మతబోధకుడు విమానవైద్య సేవను నెలకొల్పెను. మరుసటి యేడు, కాలితో త్రొక్కి విద్యుత్తు పుట్టించెడు రేడియో యంత్రము వాడుకలోనికి వచ్చెను. 1942 మొదలు, ఊళ్లకు దూరముగా నివసించువారికి మందుల పెట్టెలు ఒసగబడెను. అందు ప్రతి మందునకు ఒక సంఖ్య యుండెను. వైద్యుడు రేడియోలో సంఖ్య చెప్పగా, ఇంటివారు ఆ మందు తీసి రోగికి ఇచ్చుచుండిరి.

మన ప్రాంతమున 2000వ సంవత్సరమున చిత్తూరు జిల్లా అరగొండ గ్రామపు ఆసుపత్రి నగర వైద్యులతో యంత్రముల మూలమున కలుపబడెను. 2019 నవంబరులో కేంద్ర ప్రభుత్వపు ఇ-సంజీవని ఆరోగ్య కేంద్రములలో ప్రారంభమయ్యెను. మహమ్మారి కాలమున, 2020 మార్చి 25వ తేదీన దూరవైద్యమునకు నిబంధనలు వెలువడెను. ఏప్రిల్ 13 నుండి రోగులు ఇంటినుండియే ఇ-సంజీవని వైద్యులతో మాటాడగలిగిరి.

2. రోగులకు కలుగు ఊరట

కూలివానికి ఆసుపత్రికి పోవుట యనగా ఒకనాటి కూలి పోవుట. తోడు వచ్చినవాని కూలియు పోవును. బస్సు ఖర్చు, వరుసలో నిలుచుట, ఇతరుల రోగము అంటుకొనునను భయము వీనికి తోడగును. చక్కెర వ్యాధి, రక్తపుపోటు గలవారు నెలనెలా ఈ శ్రమ పడనక్కర లేకున్న సంతోషింతురు. అందునను, ముందే ఒకమారు ముఖాముఖి చూచిన వైద్యుడే ఫోనులో పలికినచో వారికి ధైర్యము హెచ్చు.

3. వారి సంకోచములు

"కడుపు ఒత్తి చూడలేదు, గుండె వినలేదు, ఈయనకు నా జబ్బు ఎట్లు తెలియును?" అని రోగి లోలోపల అనుకొనును. ఇది మూఢత్వము కాదు. ఒత్తిన గాని తెలియని కడుపునొప్పులు, విన్న గాని తెలియని ఊపిరితిత్తుల చప్పుళ్లు ఉన్నవి. మాట నడుమ తెగిపోయిన యెడల, మరల అడుగుటకు సిగ్గుపడి ఊరకుండువారు కలరు. చెవుడు గల వృద్ధులు వినబడకున్నను "సరే" యందురు.

వీని కన్న పెద్ద సంకోచము మరియొకటి గలదు. ఆసుపత్రి గదిలో తలుపు వేసి చెప్పుకొను మాటను, నట్టింట కోడలు, మనుమడు వినుచుండగా ఎట్లు చెప్పుట? స్త్రీ తన బాధలో సగము దాచుకొనును. దాచిన సగమునకు మందు దొరకదు.

4. హస్తవాసి యననేమి?

హస్తవాసిలో స్పర్శ ఒక భాగము. శ్రద్ధ మరియొక భాగము. రోగి మాట పూర్తి యగువరకు ఓపికతో వినుట, చెప్పినదానిని తిరిగి అడిగి సరిచూచుకొనుట దూరమునుండియు సాధ్యమే. స్పర్శ మాత్రము దూరమున సాధ్యము కాదు. అందుచేత రోగి ప్రక్కన నున్నవారి చేయి వైద్యుని చేయి కావలెను. ఆరోగ్య కేంద్రమున శిక్షణ పొందిన ఉద్యోగి రక్తపుపోటు చూచి, జ్వరము కొలిచి చెప్పును. ఇంటిలో అట్టివారు లేరు, మీరే యున్నారు.

5. మీ కర్తవ్యము

మొదట, జ్వరము ఎన్నాళ్లనుండి, ఏ మందులు వాడుచున్నారు అనునవి ముందుగనే కాగితముపై వ్రాసి యుంచుడు. రెండవది, వైద్యుని పేరు, నమోదు సంఖ్య అడిగి తెలిసికొనుడు. అది తెలుపుట నిబంధనలనుబట్టి వైద్యుని విధి. మూడవది, రోగికి బదులు మీరు మాటాడకుడు. అవ్వ నెమ్మదిగా చెప్పినను చెప్పనిండు. నాలుగవది, ఫోను కలిపి యిచ్చి, "నేను బయట నుందునా?" యని యడిగి, ఆమె కోరినచో లేచి పొండు. ఐదవది, చేయి పట్టి చూచు వైద్యుడే కావలెనని రోగి కోరిన యెడల పరిహసింపకుడు. ఏ దశలోనైనను దూరవైద్యమును మాని నేరుగా చూపించుకొను హక్కు రోగికి గలదు.

గుండెనొప్పి, ఊపిరాడకుండుట, అధిక రక్తస్రావము, పాముకాటు, స్మృతి తప్పుట - వీనియందు దూరవైద్యమునకై కాచుకొనరాదు. వెంటనే 108 కు ఫోను చేయవలెను.

యంత్రము నూరు క్రోసుల దూరమునుండి వైద్యుని ముఖమును తెచ్చి చూపును. రోగి నోరు విప్పునట్లు చేయుట మాత్రము ప్రక్కన కూర్చున్న మనుష్యుని పని. ఆ పని నేర్చుకొనుటకు వైద్యశాస్త్రము చదువనక్కర లేదు.