పనిచోట చిక్కులు – పర్యవేక్షకుని నేర్పు

గ్రామములలో పాఠశాల గదులు, పంచాయతీ భవనములు, నీటి తొట్టెలు కట్టబడుచున్నవి. కాగితముపై గీసిన పటము ఎంత చక్కనిదైనను, పనిచోట ఏదో యొక చిక్కు రాక మానదు. దానిని తీర్చు భారము పని పర్యవేక్షకునిది. ఆతడు దాని నెట్లు విప్పునో గ్రామస్థులును ఎరిగియుండుట మేలని మా తలంపు. కట్టడము మనది, దాని క్రింద కూర్చుండువారు మన బిడ్డలు.

ఒక బడి గదికి శ్లాబు వేయుచున్నారనుకొందము. ఉదయము పని చక్కగా సాగినది. మధ్యాహ్నమునకు కాంక్రీటు పలుచబడి, సెంట్రింగు పలకల సందులనుండి సిమెంటు పాలు కారసాగినవి. తొందరపాటు మనిషి మరికొంత సిమెంటు కలుపుమనును. అనుభవము గల పర్యవేక్షకుడు ముందుగా మిక్సరు నాపించి, నీరు పోయు కూలివాని నడుగును.

“ఏమయ్యా, నీరు ఎక్కువ పోసినావా?”

“లేదు బాబూ, ప్రొద్దుటి కొలతయే. ఇసుక మాత్రము క్రొత్త కుప్పలోనిది. ఇప్పుడే ఏటినుండి వచ్చినది.”

చిక్కుముడి అచ్చటనే వీడినది. తడి ఇసుక తనతో నీటిని తెచ్చును. అంతమేరకు మిక్సరులో పోయు నీటిని తగ్గింపవలెను. అదిగాక తేమ ఇసుక పొంగియుండును. కొలతపెట్టె నిండినను అందులోని అసలు ఇసుక తక్కువే. ఒక పాత్రలో ఆ ఇసుకను పోసి, మట్టము గుర్తించి, నీరు నింపి కలియబెట్టినచో ఇసుక దిగును. ఆ దిగుదలను బట్టి కొలతను సవరింపవలెను.

ఇదంతయు కొద్ది నిమిషములలో జరుగవలెను. ఆలస్యమైనచో ముందు పోసిన కాంక్రీటు బిగిసి, క్రొత్తదానితో కలియక, అతుకు పడును. పిదప వాన నీరు ఆ దారినే దిగి ఇనుప కమ్మీలను త్రుప్పు పట్టించును. పలుచని కాంక్రీటును శ్లాబులో పోయనీయరాదు. ఎక్కువైన నీరు ఆరిపోయి, సన్నని రంధ్రములు మిగిల్చి, బలమును తగ్గించును. అట్టిది కొంత ముందే పడియున్నచో, పర్యవేక్షకుడు దానిని దాచక, ఆ చోటును పని పుస్తకములో వ్రాసి, పై ఇంజనీరునకు తెలుపవలెను. పోసిన కాంక్రీటుతో 15 సెంటీమీటర్ల దిమ్మెలు చేయించి 28 దినములకు పరీక్షించినచో దాని బలము తెలియును.

ఇసుక చిక్కు చిన్న పనులకే రాదు. ధవళేశ్వరము వద్ద 1847–1852 సంవత్సరములలో గోదావరికి ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ దొరకు నదీగర్భమంతయు ఇసుకయే ఎదురైనది. ఇసుకలో బావులు దింపి పునాది నిలిపిరి. వదులు ఇసుకలో పునాది వేయు విధమును కావేరిపై ప్రాచీనులు కట్టిన ఆనకట్టనుండి నేర్చినట్లు ఆయనయే వ్రాసియున్నాడు. అంతటి ఇంజనీరే ఇతరుల అనుభవము నడుగగా, మన పర్యవేక్షకుడు కూలివాని నడుగుట చిన్నతనము కాదు.

కావున పని ఆపుట, పనివాని నడుగుట, కారణము పరీక్షించుట, జరిగినది వ్రాసి ఉంచుట – ఈ నాలుగును మరువరాదు. శ్లాబు వేసిన పిదప, నేడు విరివిగా వాడు పొజోలానా సిమెంటునకు కనీసము 10 దినములు తడి ఆరకుండ నీరు పట్టవలెను. ఈ పనిలో గ్రామస్థులు తోడ్పడవచ్చును. లోపమును పూతతో కప్పినచో గోడ అందముగా కనుపించును. కాని భద్రత రాదు. కారణమును సరిదిద్దినపుడే బిడ్డల తలపై కప్పు నిలుచును.