లాలిపాట – తల్లికి ఊరట

లాలిపాట శిశువును నిద్రపుచ్చడానికే పుట్టిందని లోకం భావిస్తుంది. పాడే తల్లికి అదేమి మేలు చేస్తుందన్న ఆలోచన అరుదు.

కాన్పు అనంతరం కొందరు తల్లులు తీవ్ర మనోవేదనకు లోనవుతారు. నిష్కారణంగా కన్నీరు వస్తుంది. ఒడిలోని బిడ్డపై మమకారం కలగడం లేదేమోనన్న భయం పీడిస్తుంది. ఈ ప్రసవానంతర కుంగుబాటు తల్లి దోషం కాదు, చికిత్స అవసరమైన వ్యాధి.

లండన్‌లో డైసీ ఫాన్‌కోర్ట్, రోజీ పెర్కిన్స్ అనే పరిశోధకులు ఇట్టి లక్షణాలున్న 134 మంది తల్లులను మూడు వర్గాలుగా విభజించి, 10 వారాలు పరిశీలించారు. ఒక వర్గం పసిపాపలతో కలిసి పాడింది. మరొకటి ఆటలలో పాల్గొంది. మూడవదానికి మామూలు వైద్యసంరక్షణ మాత్రమే లభించింది. గానవర్గంలోని తల్లులు దేశదేశాల లాలిపాటలు నేర్చుకున్నారు. కొత్త పాటలు కట్టుకున్నారు. ఫలితాలు 2018లో వెలువడ్డాయి. కుంగుబాటు అధికంగా ఉన్నవారిలో, పాడిన తల్లులు మామూలు సంరక్షణ పొందినవారికంటే త్వరగా తేరుకున్నారు. 10 వారాలు ముగిసేసరికి అన్ని వర్గాలూ మెరుగుపడినమాట నిజమే. కాని పసికందు తొలినాళ్లలో ఒక్కొక్క వారమూ విలువైనదే కదా!

తెలుగునాట బారసాలనాడు ముత్తైదువలు ఉయ్యాల చుట్టూ చేరి లాలిపాటలు పాడతారు. అన్నమాచార్యుడు, త్యాగరాజు వంటి వాగ్గేయకారులు సైతం లాలి కీర్తనలు రచించారు. అయితే బారసాల వేడుక ఒక్కపూటతో ముగుస్తుంది. లండన్ తల్లులు మరుసటి వారం మళ్లీ కలుసుకున్నారు.