లాప్‌టాప్ కొనబోతున్నారా?

ఇంటర్ ఫలితాలు వచ్చి, దోస్త్‌లోనో ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లోనో సీటు ఖాయమైందంటే చాలు, నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, ఏ లాప్‌టాప్ తీసుకోమంటావు?" మన హాస్టల్ తమ్ముళ్లు ఆ ప్రశ్నతోపాటే లెక్క కూడా చెబుతారు. ఇరవై వేలు, మహా అయితే పాతిక వేలు. ఆ డబ్బు ఏ ఇంట్లో ఎట్లా పోగవుతుందో నాకు తెలుసు. కనుక ఫోనులో రెండు ముక్కలు చెప్పి ఊరుకోలేను. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సార్ అడిగినప్పుడు ప్రతిసారీ రాసే కవిత పక్కన పెట్టి ఇది రాస్తున్నాను.

ముందు నా సంగతి చెప్పాలి. నేను 2020లో డిగ్రీలో చేరాను. కరోనా రోజులు. హాస్టల్ మూసేశారు, క్లాసులన్నీ ఆన్‌లైన్. బి.ఎస్సీ. కంప్యూటర్స్ చదివేవాడికి కంప్యూటర్ లేకపోతే ఎట్లా అని అమ్మ మహిళా సంఘంలో లోను తీసింది. జిల్లా కేంద్రంలో ఒక సెకండ్ హ్యాండ్ షాపులో 21,000 రూపాయలు పెట్టి కొన్నాం. కీబోర్డు పక్కన 'ఐ7' అని మెరిసే స్టిక్కరు ఉంది. "ఐ3, ఐ5 కంటే ఇది పెద్దది, టాప్ మోడల్" అన్నాడు షాపాయన. నాన్న నా వంక చూశాడు. నేను తల ఊపాను. ఇంట్లో ఈ విషయాలు తెలిసినవాణ్ణి నేనే అని వాళ్ల నమ్మకం. నిజానికి నాకు తెలిసింది కూడా ఆ స్టిక్కరు వరకే.

అది ఆన్ కావడానికి నాలుగు నిమిషాలు పట్టేది. కరెంటు పోతే అరగంటలో ఆగిపోయేది. మూడో నెలలో మూత మడిచే హింజ్ విరిగింది. తీసుకుపోతే "టెస్టింగ్ వారంటీ పదిహేను రోజులే" అన్నారు. మా దగ్గర బిల్లు లేదు, వెనకాల ధర రాసిన విజిటింగ్ కార్డు ఉంది. లోపల ఉన్నది 2012 నాటి ప్రాసెసర్ అని నాకు తెలిసేసరికి అమ్మ పత్తి తీతకు పోయి ఆరు వాయిదాలు కట్టేసింది. ఇంకా పద్నాలుగు ఉన్నాయి.

కాబట్టి మొదటి ప్రశ్న, అసలు చేరగానే కొనాలా? నా ఉద్దేశంలో చాలామందికి అక్కర లేదు. బి.ఎ. వాళ్లకు నోట్సు, పి.డి.ఎఫ్.లు, వీడియో పాఠాలు ఫోనులోనే అయిపోతాయి. ప్రాజెక్టు టైపు చేయాల్సి వస్తే కాలేజీ లాబ్ ఉంది. బి.కాం. వాళ్లకు ఎక్సెల్, టాలీ కావాలి గానీ వాటికి పెద్ద మిషను అవసరం లేదు. టాలీ ప్రైమ్‌ను లైసెన్సు కొనకుండా ఎడ్యుకేషనల్ మోడ్‌లో వాడుకోవచ్చు. అందులో నెలలో 1, 2, 31 తేదీల్లో మాత్రమే ఎంట్రీలు వేయనిస్తుంది. నేర్చుకోవడానికి అది చాలు. సివిల్, మెకానికల్ వాళ్లు ఆటోక్యాడ్ లాంటివి ఏ సెమిస్టర్‌లో వస్తాయో సీనియర్లను అడిగి అప్పుడే కొనాలి. ఇక కంప్యూటర్స్, డేటా సైన్స్, సి.ఎస్.ఇ. వాళ్లకు మాత్రం సొంత మిషను లేకపోతే ఇబ్బందే. ప్రోగ్రాము నోట్‌బుక్‌లో చేత్తో రాస్తే తప్పు ఎక్కడుందో చెప్పేదెవరు? అయినా వాళ్లు కూడా మొదటి నెల కాలేజీకి పోయి, అక్కడ ఏం వాడుతున్నారో చూసి, అప్పుడు కొంటే నష్టమేమీ లేదు.

ఇప్పుడు ఆ స్టిక్కరు సంగతి. ఐ3, ఐ5, ఐ7 అనేవి ఒకే తరంలో వచ్చిన ప్రాసెసర్లలో చిన్నది, నడిమిది, పెద్దది అని చెప్పే గుర్తులు. వేర్వేరు సంవత్సరాల వాటిని ఆ అంకెతో పోల్చకూడదు. తరాన్ని చెప్పేది ఆ తర్వాత వచ్చే నంబరు. నా దానిలో ఉన్నది ఐ7-3520ఎం. గీత తర్వాత మొదటి అంకె 3, అంటే మూడో తరం. దాని పేరు ఐ7 అయినా లోపల కోర్లు రెండే. 2022లో వచ్చిన ఐ3-1215యు పన్నెండో తరం, అందులో ఆరు కోర్లున్నాయి. చిన్నది అనుకున్న ఐ3 ముందు నా టాప్ మోడల్ నిలబడలేదు. నంబరు చదవడం ఇట్లా. ఐ5-8250యు అంటే 8వ తరం. ఐ5-10210యు అని ఐదంకెలు ఉంటే మొదటి రెండూ కలిపి 10వ తరం. ఐ5-1135జి7 దగ్గర తికమక పడతారు. నాలుగంకెలే అయినా 1తో మొదలైతే మొదటి రెండు అంకెలూ చూడాలి, అది 11వ తరం. 2023 చివరి నుంచి ఇంటెల్ కొత్త వాటిలో చాలావాటికి ఈ 'ఐ' తీసేసి కోర్ 5, కోర్ అల్ట్రా 5 అని పేర్లు పెట్టింది. ఎ.ఎం.డి. వాళ్ల రైజెన్ కూడా మంచిదే. దాని నంబరును ఫోనులో వెతికి ఏ సంవత్సరంలో విడుదలైందో చూసుకోండి.

తరం ఎందుకంత ముఖ్యమంటే, విండోస్ 10కు మామూలుగా ఉచితంగా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. విండోస్ 11కేమో, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, ఇంటెల్‌లో 8వ తరం, ఆపైన ఉన్నవే అర్హమని మైక్రోసాఫ్ట్ పెట్టింది. అందుకని 6, 7 తరాల మిషన్లను కంపెనీలు వదిలించుకుంటున్నాయి, అవి చౌకగా షాపులకు వస్తున్నాయి. వాటి మీద కూడా అడ్డదారిన విండోస్ 11 ఎక్కించవచ్చు. స్క్రీన్ మీద 11 కనబడింది కదా అని తల ఊపవద్దు.

ర్యామ్, స్టోరేజి తేడా మన హాస్టల్ లెక్కలో చెబుతాను. స్టడీ అవర్‌లో చాప పరుచుకుని కూర్చుంటారు. పుస్తకాలు ట్రంకుపెట్టెలో ఉంటాయి. చదివే మీరు ప్రాసెసర్, చాప ర్యామ్, పెట్టె స్టోరేజి. చాప చిన్నదైతే ఒక పుస్తకం లోపల పెట్టి వచ్చి ఇంకొకటి తెరవాలి. ఎంత చురుకైనవాడికైనా సగం పొద్దు పెట్టె దగ్గరే గడుస్తుంది. 4 జీబీ ర్యామ్ అట్లాంటి చాప. ఇప్పుడు 8 జీబీ కంటే తక్కువ కొనవద్దు. ఆండ్రాయిడ్ స్టూడియో లాంటివి వాడేవాళ్లకు 16 ఉంటే మంచిది. అంత డబ్బు ఇప్పుడే లేకపోతే ఖాళీ స్లాట్ ఉన్న మోడల్ తీసుకుని తర్వాత ఇంకో ర్యామ్ వేయించుకోవచ్చు. కొన్ని పలుచని మోడళ్లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు, మార్చడం కుదరదు. ఈ సంగతి ముందే అడగాలి.

ఇక పెట్టె. హార్డ్ డిస్క్ అయితే లోపల పళ్లెం గిర్రున తిరుగుతూ ఉంటుంది. లాప్‌టాప్‌లలో వచ్చే వాటిలో ఎక్కువ నిమిషానికి 5,400 సార్లు తిరిగేవే. దాని మీద చదివే ముల్లు అటూ ఇటూ కదలాలి. నడుస్తుండగా మంచం మీద నుంచి పడితే గీత పడి లోపలిదంతా పోవచ్చు. ఎస్.ఎస్.డి.లో కదిలే భాగమే లేదు. 1 టీబీ హార్డ్ డిస్క్ కంటే 256 జీబీ ఎస్.ఎస్.డి. ఎన్నో రెట్లు మేలు. సినిమాలు దాచుకోవడానికి చాలదంటారా, అది వేరే లెక్క!

సీలు తీయని కొత్త పెట్టెలో చౌకగా వచ్చేవి కూడా ఉన్నాయి. సెలెరాన్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ ఇ.ఎం.ఎం.సి. అని రాసి ఉంటుంది. కొత్తదని ఇంట్లో సంతోషిస్తారు గానీ విండోస్ అప్‌డేట్లకే ఆ చోటు నిండిపోతుంది, తర్వాత పెంచుకునే వీలు సాధారణంగా ఉండదు. దానికంటే కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి అమ్మేసే థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్, ఎలైట్‌బుక్ వంటి గట్టి మిషన్లు నయం. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సి.టి.సి. అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఇట్లాంటి వాటికి పేరుపడ్డ చోటు. ఒక్క షాపు చూసి కొనకుండా నాలుగు మెట్లెక్కి దిగండి.

షాపులో ఏం చూడాలో నెమ్మదిగా చెబుతాను, ఇదే అసలు పాఠం. మిషను ఆన్ చేయించి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ ఒకేసారి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పర్‌ఫార్మెన్స్ దగ్గరికి పొండి. ప్రాసెసర్ పూర్తి పేరు, ర్యామ్ ఎంత, స్లాట్లలో ఎన్ని నిండాయి, డిస్కు ఎస్.ఎస్.డి.నా హెచ్.డి.డి.నా, అన్నీ అక్కడ ఉంటాయి. దీనికి పట్టేది అర నిమిషం. ఆ అర నిమిషం తెలియక నేను 21,000 పోగొట్టాను.

తర్వాత బ్యాటరీ. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సి.ఎఫ్.జి. అని కలిపి రాసి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి, బ్యాటరీరిపోర్ట్ అని కలిపి ఇంగ్లీషులో టైపు చేస్తే ఒక నివేదిక తయారవుతుంది. అది ఎక్కడ దాచిందో కూడా అక్కడే చూపిస్తుంది. అందులో డిజైన్ కెపాసిటీ 48,000 ఉండి ఫుల్ ఛార్జ్ కెపాసిటీ 24,000 ఉందనుకోండి, బ్యాటరీ సగం అరిగిపోయినట్టు. అప్పుడు కొత్త బ్యాటరీ వేయించమనండి, లేదా ఆ మేరకు ధర తగ్గించమనండి.

నోట్‌ప్యాడ్ తెరిచి ప్రతి మీటా నొక్కండి. తెల్ల పేజీ పెట్టి తెర మీద మచ్చలున్నాయేమో చూడండి. మీ ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి వైఫై, కెమెరా, మైకు పరీక్షించండి. వెంట తెచ్చిన పెన్ డ్రైవ్‌ను ప్రతి యు.ఎస్.బి. సందులోనూ పెట్టండి. మూతను పదిసార్లు తెరిచి మూయండి. ఒకసారి రీస్టార్ట్ చేసి బయాస్‌లోకి పోనివ్వమనండి. అక్కడ పాస్‌వర్డ్ అడిగితే పాత కంపెనీ వేసిన తాళం ఇంకా తీయలేదన్నమాట, ఆ మిషను వద్దు. ఇదంతా అరగంట పని. షాపువాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి, మన డబ్బు.

బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి, అది మిషను అడుగున ఉన్న నంబరుతో సరిపోవాలి. రేపు హాస్టల్‌లో పోయినా పోలీస్ స్టేషన్‌లో అడిగేది ఆ బిల్లు, ఆ నంబరే. ఫైనాన్స్ మీద తీసుకునేవాళ్లు ప్రాసెసింగ్ ఫీజుతో కలిపి మొత్తం ఎంత కడుతున్నారో లెక్క వేయండి. స్కాలర్‌షిప్ పడుతుంది కదా, వాయిదా కడదాం అనుకోవద్దు. అది ఎప్పుడు పడుతుందో మన హాస్టల్‌లో ఎవరిని అడిగినా చెబుతారు. బి.టెక్. లాంటి కోర్సులకు విద్యారుణం ఎలాగూ తీసుకుంటున్నవాళ్లు కంప్యూటర్ ఖర్చును కూడా అందులో చూపవచ్చేమో బ్యాంకులో అడగండి. చదువుకు అవసరమైతే మామూలుగా ఒప్పుకుంటారు.

మిగతా సామాను గురించి ఎక్కువ చెప్పను. ఒక వైరు మౌసు, వైరు ఇయర్‌ఫోన్లు, పేరున్న కంపెనీ 32 జీబీ పెన్ డ్రైవ్, ఐ.ఎస్.ఐ. మార్కు ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు. నలుగురు కలిసి మంచి బోర్డు ఒకటి కొనుక్కోండి. బల్బు హోల్డర్ నుంచి వైరు లాగి ఛార్జింగ్ పెట్టే అలవాటు మన గదుల్లో ఉంది, అది ప్రాణం మీదికి తెస్తుంది. మూడు నాలుగు వందలకే 1 టీబీ పెన్ డ్రైవ్ అని బజారులో అమ్మేవి నకిలీవి. ఎక్కించినట్టే కనబడుతుంది, తెరిస్తే ఫైలు ఉండదు. మా క్లాసులో ఒకతని రికార్డు అట్లాగే పోయింది. కూలింగ్ ప్యాడ్ అక్కర లేదు. దుప్పటి మీద పెట్టకుండా, వెనక వైపు రెండు నోట్‌బుక్‌లు పెట్టి ఎత్తు చేస్తే గాలి ఆడుతుంది. షాపువాళ్లు అంటగట్టే యాంటీ వైరస్ కూడా వద్దు, విండోస్‌లోనే డిఫెండర్ ఉంది. దొంగ ఆఫీసు వేయించుకునే బదులు లిబ్రే ఆఫీసు ఉచితంగా దించుకోండి.

డేటా గురించి ఒక మాట. ఫోన్ హాట్‌స్పాట్‌కు కలపగానే విండోస్ తనంతట తాను అప్‌డేట్లు దించుకుని మీ రోజు ప్యాక్‌ను గంటలో తాగేస్తుంది. సెట్టింగ్స్‌లో ఆ వైఫై ప్రాపర్టీస్‌లోకి పోయి 'మీటర్డ్ కనెక్షన్' ఆన్ చేస్తే చాలావరకు ఆగుతుంది. అప్‌డేట్లను కాలేజీ వైఫై దొరికిన రోజు చేసుకోవచ్చు.

నా ఐ7 ఏమైందని అడుగుతారేమో. 2021లో హాస్టల్ తెరిచాక, మన దగ్గరే చదివి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న ఒక అన్న పండక్కి వచ్చి దాన్ని చూశాడు. హార్డ్ డిస్క్ తీసి ఎస్.ఎస్.డి. పెట్టించాడు, ఇంకో 4 జీబీ ర్యామ్ వేయించాడు. రెండూ కలిపి 3,600 అయింది. అందులో సగం ఆయనే ఇచ్చాడు. లినక్స్ మింట్ ఎక్కించాడు. నాలుగు నిమిషాలు పట్టేది అరనిమిషంలో ఆన్ కావడం మొదలుపెట్టింది. సి, పైథాన్, ఎస్.క్యు.ఎల్. అన్నీ దాని మీదే నేర్చుకుని డిగ్రీ పూర్తి చేశాను. ఎం.సి.ఎ.లో చేరాక 8వ తరం ఐ5 ఒకటి, ఈసారి అరగంట కూర్చుని, బిల్లుతో కొన్నాను. పాతది ఇప్పుడు మన స్టడీ రూములో కిటికీ పక్కన ఉంది. బ్యాటరీ పూర్తిగా పోయింది, ప్లగ్గు తీస్తే ఆగిపోతుంది, మూతకు గోడ ఆనుకోవాలి. ఇంటర్ తమ్ముళ్లు దాని మీద టైపింగ్ నేర్చుకుంటున్నారు.

జూన్‌లో కొనబోయేవాళ్లు రెండు రోజుల ముందు ఫోన్ చేస్తే షాపుకు నేను కూడా వస్తాను. నా నంబరు వార్డెన్ సార్ దగ్గర ఉంది. వచ్చేటప్పుడు పెన్ డ్రైవ్ మరిచిపోవద్దు.