ఆంగ్లవాక్యమున క్రియావిశేషణమునకు చోటు

ఆంగ్లవ్యాసములు దిద్దునపుడు మా యెఱ్ఱసిరా మిక్కిలి వ్యయమగు తావులలో నొకటి యిది. ‘దీపమును ఇప్పుడే ఆర్పివేసితిని’ అను వాక్యమును ఆంగ్లమున వ్రాయుమనిన, కొందఱు ‘ఐ హావ్ పుట్ జస్ట్ అవుట్ ద లాంప్’ అని వ్రాయుదురు. అది ఆంగ్లమే కాదు. మఱికొందఱు ‘ఐ హావ్ పుట్ అవుట్ జస్ట్ ద లాంప్’ అందురు. అది ఆంగ్లమే కాని, దాని యర్థము ‘దీపమును మాత్రమే ఆర్పితిని’ అని! ‘ఇప్పుడే’ అనదలచినవాడు ‘మాత్రమే’ అని పలికినట్లయినది. పైచదువులకును ఉద్యోగములకును ఆంగ్లమున విన్నపములు వ్రాయవలసిన మన బాలబాలికలకు ఇది చిన్న నష్టము గాదు.

ప్రెజెంట్ పర్ఫెక్టు అనెడి కాలమందు ‘హావ్’ లేక ‘హాజ్’ అను సహాయక్రియ ముందును, అసలు క్రియ వెనుకను నిలుచును. జస్ట్, ఆల్రెడీ, నెవర్, ఆల్వేస్ మున్నగు మాటలకు సహజమైన చోటు ఆ రెంటి నడుమనే. కావున ‘ఐ హావ్ జస్ట్ పుట్ అవుట్ ద లాంప్’ అనుటయే ఒప్పు. ‘ఆల్రెడీ’ వాక్యాంతమునకును పోవచ్చును. ‘యెట్’ సాధారణముగా అచ్చటనే యుండును. సహాయక్రియను అసలు క్రియనుండి విడదీయరాదని వెఱచువారు ఆంగ్లేయులలోను కొందఱు గలరు. హెన్రీ ఫౌలర్ పండితుడు 1926లో ప్రకటించిన తన ప్రయోగనిఘంటువున ఆ వెఱపు నిరాధారమని ఖండించెను. మన విద్యార్థులు దానిని క్రొత్తగా నేర్వ నక్కఱలేదు.

చిక్కంతయు ‘పుట్ అవుట్’, ‘గివ్ అప్’, ‘పుట్ ఆఫ్’ వంటి జంటలలో నున్నది. వీనికి ఫ్రేజల్ వెర్బులని పేరు. ఈ పేరు బ్రాడ్లీ పండితుడు సూచించినదని లోగన్ పియర్సల్ స్మిత్ 1925లో తన గ్రంథమున తెలిపెను. పేరు క్రొత్తదే కాని కష్టము పాతది: శామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువు పీఠికయందే ఇట్టి జంటలు పరదేశీయులకు మిక్కిలి కష్టము కలిగించునని వ్రాసెను. మనకు మాత్రము ఇవి బొత్తిగా అపరిచితములు గావు. ‘ఆర్పివేయు’ అను మన క్రియనే చూడుడు. ‘ఇప్పుడే ఆర్పివేసితిని’ అందుము గాని ‘ఆర్పి యిప్పుడే వేసితిని’ అని యెవ్వరైన ననిన నవ్వుదుము గదా! ‘పుట్’, ‘అవుట్’ల నడుమ ‘జస్ట్’ను చొప్పించిన ఆంగ్లేయునకును అట్లే తోచును.

అయితే ‘ద హెడ్మాస్టర్ హాజ్ లుక్డ్ కేర్‌ఫుల్లీ ఇంటు ద మాటర్’ అను వాక్యము నిర్దుష్టము. ‘హి హాజ్ గివెన్ కంప్లీట్లీ అప్ ద గేమ్’ అనునది తప్పు. రెండును ఒకే తీరున నున్నవి గదా యని బుద్ధిమంతుడగు బాలుడు అడుగును, అడుగవలసినదే. మొదటిదానియందు ‘ఇంటు’ మన విభక్తివలె తన వెనుకనున్న నామముతో చేరినది. రెండవదానియందు ‘అప్’ క్రియతో చేరినది. ఏది యెట్టిదో కనుగొనుటకు సులభోపాయ మొకటి గలదు. నామమును తీసివైచి ‘ఇట్’ అను సర్వనామమును నిలుపుడు. ‘గివ్ ఇట్ అప్’ అని ‘ఇట్’ నడుమకు వచ్చినచో ఆ చిన్నపదము క్రియకు చెందినది. క్రియావిశేషణమును వాని నడుమ ఉంచరాదు. ‘లుక్ ఇంటు ఇట్’ అని ‘ఇట్’ చివరనే యుండినచో ఉంచవచ్చును. ఇదే న్యాయమున ‘ఐ హావ్ జస్ట్ పుట్ ఇట్ అవుట్’ అనవలయును గాని ‘పుట్ అవుట్ ఇట్’ అనరాదు.

‘రైట్’, ‘స్ట్రెయిట్’ అను మాటలు మాత్రము ఈ కట్టుబాటును లెక్కింపవు: ‘ద బర్డ్స్ హావ్ ఫ్లోన్ రైట్ అవే’. చిన్నపదము నిజముగా దిక్కును తెలుపునపుడు ఇతరములకును కొంత చనవు గలదు. ‘ద బెలూన్ హాజ్ గాన్ స్లోలీ అప్’ అనుటలో దోషము లేదు. ‘గివ్ అప్’ అనుటలో పైకి పోవునది యేదియు లేదు గనుక ఆ చనవును లేదు.

విద్యార్థులు ఈ మూడు వాక్యములను ఆంగ్లీకరించి చూచుకొందురు గాక: ‘మా తండ్రిగారు పొగత్రాగుట పూర్తిగా మానివేసిరి’, ‘సభను ఇదివఱకే వాయిదా వేసినారు’, ‘మా విన్నపమును వారింకను పరిశీలింపలేదు’. మూడవదానికి ‘యెట్’ కావలయును. రెండవదానియందు ‘నిన్న’ యని చేర్పగోరువారు ‘హావ్’ను విడిచి భూతకాలమున వ్రాయవలయును.